రెండో పుస్తకం మధ్యలో ఆగిపోయిన చెల్లెకు

ఉత్తరం:

"అక్కా, నమస్తే. మాది మిర్యాలగూడ. నాకు 29 ఏండ్లు. రైస్ మిల్లు ఆఫీసుల లెక్కలు రాస్త. మా ఆయన బడిల సారు, మంచోడే. ఒక పాప. పోయిన ఏడు నా దోస్తు ఇస్తే ఒక ఇంగ్లిష్ సిరీస్‌ల మొదటి పుస్తకం చదివిన. చీకటి రాజ్యం, శాపం తగిలిన రాజు, పందెం కింద ఆయన కోటకు పోయిన పిల్ల, ఆళ్ల ప్రేమ. నాలుగు రాత్రులల్ల అయిపోగొట్టిన. రెండోదాని కోసం ఎనిమిది నెలలు చూసి, హైదరాబాద్ పోయినప్పుడు ఫుట్‌పాత్ మీద కొనుక్కొచ్చుకున్న. రెండొందల పేజీల కాడ ఆగిపోయిన, నెల దాటింది.

మొదటి పుస్తకంల ఆమె కోసం కత్తికి ఎదురుపోయినాయన, ఇండ్ల ఆమెతోని సక్కగ మాట్లాడడు. ఎటో పోతడు, వస్తడు, ఆఖరికి ఆమెను గదిల పెట్టి తాళం ఏసిండు. కొత్తగ ఇంకొకాయన వచ్చిండు. ఎవరు ఏ రాజ్యపోళ్లో యాదికొస్తలేదు. నడుమ కథ దుంకినట్టు గూడ ఉన్నది. 176 పేజీ తర్వాత సీదా 193 ఉన్నది. గట్ల గూడ రాస్తరా? నా దోస్తేమో రెండోది ఇడిచిపెట్టు, సీదా మూడోది చదువు అంటది.

ఇంకొకటి. తాళం ఏసుడు తప్పని తెలుసు. అయినా ఆయన కోపం చదువుతుంటే నాకు మంచిగనే అనిపిస్తది. ఇంట్ల నిజంగ ఎవరన్న గట్ల చేస్తే నేను ఊకోను. మరి నాలనే ఏదన్న లోపమున్నదా? అట్ట మీద పుర్రె, కత్తి, గులాబీ చూసి మా అత్తమ్మ 'ఇది చేతబడి పుస్తకమా, చిన్నపిల్ల ఉన్న ఇంట్ల ఇదేంది' అన్నది. అప్పటి సంది బియ్యం డబ్బా ఎనుక దాస్తున్న. చదవాల్నా, ఆపాల్నా చెప్పుండ్రి."

సమాధానం:

చెల్లె,

అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వనే రాస్తున్నా. సిరీస్ పేరు కూడా రాశావు గానీ ఇక్కడ తీసేశాను. ఇంకా చదవనివాళ్ల ముందు కథ విప్పెయ్యడం నాకు ఇష్టం లేదు. మొదటి పుస్తకం నేనూ చదివాను. రెండోది ఇంకా నా చేతికి రాలేదు, కాబట్టి ముందు జరగబోయేది నా నోటి నుంచి జారుతుందన్న భయం నీకు అక్కర్లేదు.

మొదట 176 సంగతి తేల్చుకుందాం. ఏ రచయిత్రీ అట్లా రాయదు. నీ పుస్తకంలో పదహారు పేజీలు లేవు, అంతే. పుస్తకాన్ని ఒక్కో పేజీ విడిగా అచ్చు వెయ్యరు. పెద్ద కాగితం మీద రెండు వైపులా కలిపి పదహారు పేజీలు వేసి, మడిచి, ఆ మడతలను వరసగా పేర్చి కుడతారు, లేదంటే జిగురుతో అంటిస్తారు. ప్రెస్సులో ఆ మడతను ఫారం అంటారు. 176 దాకా పదకొండు ఫారాలు. 177 నుంచి 192 దాకా పన్నెండోది. నీ పుస్తకం పేర్చేటప్పుడు ఆ పన్నెండో ఫారం ఎవరి చేతిలోనో తప్పిపోయింది. కాగితం పల్చగా ఉండి వెనక పేజీ అక్షరాలు ఇటువైపు కనబడుతున్నాయా? అచ్చు మసకగా ఉందా? అయితే నువ్వు కొన్నది దొంగ అచ్చు. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం కొంటే తప్పేమీ లేదు. ఆబిడ్స్‌లో ఆదివారం పూట పేర్చిపెట్టే పాత పుస్తకాల్లోంచి నేను ఎన్ని తెచ్చుకున్నానో. కానీ కొత్తగా మెరుస్తూ సగం ధరకే వచ్చిందంటే మాత్రం లోపల పేజీలు లెక్కపెట్టుకోవాలి. అందులో రాసినామెకు ఒక్క పైసా కూడా పోదు.

ఈ పదహారు పేజీల గురించి ఇంత పట్టుబట్టడానికి నాకొక కారణం ఉంది.

మాది పాలమూరు. నా చిన్నప్పుడు మా పెద్దమ్మ వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలను వారం వారం చించి, మేనత్త కుట్టుమిషను పక్కన పెట్టుకుని, చివరికి అన్నీ కలిపి దబ్బనంతో కుట్టేది. అట్ట బదులు పాత క్యాలెండరు. ఇంట్లో అట్లాంటివి ఇరవై దాకా ఉండేవి. నాకు పద్నాలుగేళ్లప్పుడు అందులో ఒకటి చదివాను. అందులో ఒక డాక్టరు ఉంటాడు. పెళ్లి చేసుకుంటానని మాటిచ్చిన అమ్మాయిని రైల్వే స్టేషన్లో కూచోబెట్టి, మరి రాడు. నాకు అతనంటే ఎంత కోపమంటే, పుస్తకం పూర్తి చేశాక అతని పేరున్న చోటల్లా పెన్సిలుతో కొట్టేశాను. చాలా ఏళ్ల తర్వాత, నాకు పెళ్లయి పిల్లలు పుట్టాక, అదే నవల పుస్తకంగా దొరికింది. చదువుతుంటే ఒక చోట నాకు తెలియని అధ్యాయం వచ్చింది. స్టేషన్‌కు వస్తూ దారిలో అతను ఒక ప్రమాదంలో పడతాడు. మూడు రోజులు స్పృహ ఉండదు. ఆ వారం పేజీలు మా పెద్దమ్మ కుట్టిన పుస్తకంలో లేవు. ఇంటికెళ్లి అడిగితే, ఆ వారం పత్రిక శనగపిండి పొట్లంగా పోయి ఉంటుందన్నది. అప్పటికే ఆమెకు కళ్లు మసకబారాయి. పాపం, ఆ పొట్లానికి తనే బాధ్యురాలినన్నట్టు చాలాసేపు బాధపడింది.

అందుకని చెబుతున్నా. నీ రాజు మంచివాడో చెడ్డవాడో ఆ పదహారు పేజీలు చదవకుండా నువ్వూ తేల్చొద్దు, నేనూ తేల్చను. తాళం వేసింది 193 తర్వాతేనని నీ ఉత్తరాన్ని బట్టి అనుకుంటున్నా. మరి దానికి ముందు ఏం జరిగిందో నువ్వు చూడనేలేదు. నీ దోస్తు దగ్గర అసలు అచ్చు ఉందేమో అడుగు. ఉంటే ఒక పూట వాళ్లింటికి పోయి కూచుని చదువుకో. నీ పుస్తకం మొదటి పేజీలు కూడా ఆమెదానితో పోల్చి చూడు. ఇట్లాంటి చీకటి ప్రేమకథలు రాసేవాళ్లు చాలామంది పుస్తకం తెరవగానే, ఇందులో బందీ చెయ్యడం ఉంది, హింస ఉంది, పడకగది సంగతులున్నాయి, ఇవి పెద్దవాళ్ల కోసం అని ముందే ఒక హెచ్చరిక రాస్తారు. దొంగ అచ్చులో ఆ పేజీ ఎగిరిపోతే నువ్వు గొడుగు లేకుండా వానలోకి పోయినట్టే.

ఇప్పుడు యాదికి రాకపోవడం గురించి. ఇందులో నీ తప్పేమీ లేదు. మొదటిదానికీ రెండోదానికీ నడుమ ఎనిమిది నెలలు గడిచాయి. ఆ ఎనిమిది నెలల్లో మిల్లుకు వానాకాలం వడ్లు వచ్చాయి, యాసంగి వడ్లు వచ్చాయి. ఎన్ని లారీలు, ఎన్ని తూకం చీటీలు, తవుడెంత, నూకలెంత. నీ తలలో ఆ పరదేశపు పేర్లకు చోటెక్కడిది? నువ్వు రోజూ ఆఫీసులో చేసేదే ఇక్కడ కూడా చెయ్యి. కొత్త సంవత్సరం పుస్తకం తెరిచేటప్పుడు పోయిన ఏడు నిల్వ ముందు రాసుకోకుండా మొదటి పద్దు వేస్తావా? వెయ్యవు గదా. రెండో పుస్తకం మొదలుపెట్టే ముందు మొదటిదాంట్లో ఆఖరి మూడు అధ్యాయాలు మళ్లీ చదువు. పుస్తకమంతా అక్కర్లేదు. చదివి ఒక కాగితం మీద నిల్వ రాసుకో: ఎవరు బతికి ఉన్నారు, ఎవరు ఎవరికి మాట బాకీ ఉన్నారు, ఏ రహస్యం ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు. అన్నిటికంటే మాట బాకీలు ముఖ్యం. ఈ కథలన్నీ వాటి మీదే నడుస్తాయి. శాపమన్నా పందెమన్నా ఒడంబడికన్నా అన్నీ బాకీలే. పేర్లను ఇంగ్లిష్‌లో కాకుండా నీకు నోరు తిరిగినట్టు తెలుగులో రాసుకో. పలకడానికి వచ్చిన పేరే గుర్తుంటుంది. ఆ కాగితాన్ని తూకం చీటీలాగా పుస్తకంలోనే పెట్టుకో.

ఇంతకూ నువ్వు ఆగిపోయింది పేర్లు మరిచిపోయినందుకు కాదు. మనసు విరిగి ఆగిపోయావు. ఉత్తరంలో ఆ మాట రాయలేదు గానీ, "సక్కగ మాట్లాడడు" అన్న చోట నీ పెన్ను గట్టిగా ఒత్తింది, వెనక వైపు గుచ్చుకుంది. కాగితం తిప్పితే నా వేలికి తగిలింది.

చెల్లె, రెండో పుస్తకం విరహం పుస్తకం. దాదాపు ప్రతి సిరీస్‌లోనూ అంతే. మొదటిదాంట్లో ఇద్దరినీ కలిపాక, రచయిత్రి దగ్గర కథ మిగలాలంటే వాళ్లను విడదీయాల్సిందే. ఇదేదో ఇంగ్లిష్‌వాళ్లు కనిపెట్టిన ఉపాయం కాదు. మన ఉమ్మడి నల్లగొండ గడ్డ మీదే, రాచకొండ కోటలో ఆరు వందల ఏళ్ల కింద సర్వజ్ఞ సింగభూపాలుడు రసార్ణవసుధాకరం అని సంస్కృతంలో ఒక గ్రంథం రాశాడు. శృంగారంలో సగం కలిసి ఉండడమైతే సగం విడిపోవడం. ఆ విడిపోవడాన్నే విప్రలంభం అన్నారు. దాన్ని ఆయన నాలుగు రకాలు చేశాడు. పూర్వానురాగం, ఇంకా కలవకముందటి తపన. మానం, అలక. ప్రవాసం, దూరం పోవడం. కరుణం, ఇక లేరేమోనన్న దుఃఖం. నీ మొదటి పుస్తకమంతా పూర్వానురాగమే. ఇప్పుడు నువ్వు మానంలోంచి ప్రవాసంలోకి పోతున్నావు.

ప్రవాసమంటే ఏమిటో మా పాలమూరోళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా పక్కింటి రాములమ్మ పెనిమిటి బొంబాయికి మట్టిపనికి పోయి, రెండు పండుగలకు రాలేదు. ఆమె రోజూ పొద్దున వాకిలి ఊడ్చి, చీపురు పట్టుకునే బస్సొచ్చే దిక్కు కాసేపు చూసి, లోపలికి పోయేది. ఏడ్చింది లేదు, ఎవరితో చెప్పుకున్నది లేదు. స్టెఫనీ మేయర్ రక్తపిశాచి ప్రేమకథల్లో రెండోది, 2006లో వచ్చిన 'న్యూ మూన్' చదివినప్పుడు నాకు రాములమ్మ గుర్తొచ్చింది. అందులో ప్రేమించినవాడు మొదట్లోనే వదిలేసి పోతాడు. అతను పోయాక వరసగా కొన్ని పేజీల్లో ఏమీ ఉండదు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు, జనవరి అని నెలల పేర్లు మాత్రం ఉంటాయి. ఆ పేజీలు చూసి కాగితం దండగ అన్నవాళ్లున్నారు. నాకైతే ఆ పుస్తకం మొత్తంలో అంతకంటే నిజమైన పేజీలు కనబడలేదు.

అయితే విరహంలో రెండు రకాల నొప్పి ఉంటుంది. ఒకటి కథ నొప్పి. ఇంకొకటి కథ మనల్ని మోసం చేస్తున్నందువల్ల కలిగే నొప్పి. నీ రాజు తాళం వేశాడు గదా, ఇది ఏ నొప్పో నువ్వు తెలుసుకోవాలి. ఎట్లా తెలుసుకోవాలో మన దగ్గరున్న పాత కథ ఒకటి నాకు నేర్పింది. నలదమయంతుల కథ.

శ్రీహర్షుడి నైషధాన్ని శ్రీనాథుడు తెలుగు చేశాడు గదా, అది ఎక్కడ ఆగుతుందో గమనించావా? పెళ్లయి, ఇద్దరూ సుఖంగా ఉన్నచోట. నిజానికి అప్పటికే కలి వచ్చి, నలుడి తోటలో తాండ్రచెట్టు ఎక్కి, ఎప్పుడు సందు దొరుకుతుందా అని కాచుక్కూచున్నాడు. శత్రువు చెట్టు మీదున్నాడని మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. కావ్యం ముగిసింది! ఈ రోజుల్లోనైతే అందరం కలిసి రెండో భాగం ఎప్పుడని ఆ కవి ఇంటి ముందు కూచునేవాళ్లం. ఆ రెండో భాగం భారతంలో ఉంది, అరణ్యపర్వంలో. కలి నలుడి ఒంట్లో దూరతాడు. జూదంలో రాజ్యం పోతుంది. ఇద్దరూ అడవిలో పడతారు. ఇద్దరికీ కలిపి ఒకే బట్ట మిగులుతుంది. ఒక రాత్రి పాడుబడిన సత్రంలో దమయంతి నిద్రపోతుంటే, నలుడు ఒక కత్తి దొరకబుచ్చుకుని ఆ చీరను సగానికి కోసి, తన సగం కట్టుకుని పోతాడు. కొంతదూరం పోయి వెనక్కి వస్తాడు, ఆమెను చూస్తాడు, మళ్లీ పోతాడు, మళ్లీ వస్తాడు. అతని మనసు ఊయలలా ఊగిందని ఉంటుంది. అయినా చివరికి పోతాడు.

దీనికంటే చీకటి కథ ఏముంది చెప్పు? స్వయంవరంలో దేవతలను కాదని దమయంతి ఎంచుకున్నవాడే, ఆమెను సగం చీరతో అడవిలో వదిలేశాడు. తర్వాత అతన్ని కర్కోటకుడు కాటేస్తాడు, రూపు పోతుంది, బాహుకుడనే పేరుతో ఇంకొక రాజు దగ్గర గుర్రాలు తోలుతుంటాడు. అచ్చం నీ సిరీస్‌లో శాపం తగిలిన రాజే.

కానీ భారతం ఒక పని చేస్తుంది. దమయంతికి నోరిస్తుంది. ఆమె ఎదురుచూస్తూ కూచోదు. పుట్టింటికి చేరాక ఊరూరికీ బ్రాహ్మణులను పంపుతుంది. సభల్లో నిలబడి ఒక ప్రశ్న అడగమంటుంది. జూదరీ, నా చీర సగం కోసుకుని, నిద్రపోతున్న నన్ను అడవిలో వదిలేసి ఎక్కడికి పోయావు? ఆ ప్రశ్నకు ఎవరు జవాబు చెబుతారో వచ్చి చెప్పండని. నలుడికి అది కలి చేసిన పని అన్న సాకు ఉంది. నిజంగానే కలి చేసిన పని. అయినా అతను జవాబు చెప్పక తప్పలేదు. ప్రశ్న ముందు, కలవడం తర్వాత.

రెండో పుస్తకం నమ్మదగినదా కాదా అన్నదానికి నేను పెట్టుకున్న కొలత ఇదొక్కటే. ఆ పిల్ల అడుగుతుందా? ఆమె అడిగినప్పుడు కథ ఆమె వైపు చెవి పెడుతుందా? సారా జె. మాస్ అని ఒకామె ఉంది. ఆమె ముళ్లూ గులాబీల రాజ్యం సిరీస్‌లో మొదటిది 2015లో, రెండోది 'ఎ కోర్ట్ ఆఫ్ మిస్ట్ అండ్ ఫ్యూరీ' 2016లో వచ్చాయి. మొదటిదాంట్లో ఎవరి కోసం ఆ పిల్ల ప్రాణాలొడ్డిందో, రెండోదాంట్లో అతనే ఆమెను కాపాడాలన్న పేరుతో ఇంట్లో బంధిస్తాడు. ఆ పుస్తకం దాన్ని ప్రేమ అనలేదు. ఆమెకు అక్కడ ఊపిరాడలేదని చూపించి, బయటికి నడిపించింది. మొదటి పుస్తకంలో అతన్ని ప్రేమించిన పాఠకులు ఎందరో గింజుకున్నారు. ఆ గింజులాట మంచిదే. నీకూ అట్లాంటి మలుపే రాబోతుందేమో. కొత్తగా వచ్చినాయన ఊరికే వచ్చి ఉండడు. లేదా నీ రాజు తాళం వెనక ఒక కలి ఉండొచ్చు, అతను ఆమె ముందు నిలబడి జవాబు చెప్పొచ్చు. ఈ రెండిట్లో ఏదైనా పుస్తకం నీకు న్యాయం చేసినట్టే.

ఏ రెండూ లేకుండా, తాళం తీసిన మర్నాడు ఆమె అతని భుజం మీద తల పెట్టుకుని నవ్వి, కథ ఆ సంగతే మరిచిపోతే? అప్పుడు పుస్తకం మూసెయ్యి. డబ్బులు పెట్టి కొన్నాననీ ఎనిమిది నెలలు చూశాననీ చూడకు. అట్లాంటిచోట నేను 400 పేజీల దగ్గర కూడా మూసేశాను. అప్పటికి ఇంకా అరవై పేజీలే మిగిలాయి.

నీలో లోపముందా అని అడిగావు. లేదు. ఆ ప్రశ్న అడిగేటప్పుడు నీకు ఎంత భయం వేసి ఉంటుందో నాకు తెలుసు, ఎందుకంటే నీ వయసులో నేను ఇదే ప్రశ్న ఎవరినీ అడగలేకపోయాను. భయానకమూ రౌద్రమూ బీభత్సమూ కూడా మనవాళ్లు రసాల్లోనే లెక్కపెట్టారు. బయట ఎదురైతే పరుగెత్తేవాటిని కావ్యంలో కూచుని అనుభవిస్తాం. పులి బొమ్మ ముందు నిలబడి ఎంత అందంగా ఉందో అనుకుంటాం. అడవిలో పులిని అట్లా అనుకోం. ఆ రాజు కోపం నీకు నచ్చడానికి కారణం, ఆ కోపం నీ చేతిలో ఉంది. నువ్వు పేజీ తిప్పితేనే అతను అరుస్తాడు. పాప ఏడిస్తే పుస్తకం బోర్లా పెడతావు, అతను నోరు మూసుకుంటాడు. ఇంకొకటి కూడా ఉందనిపిస్తుంది. పొద్దున ఐదింటికి లేచి, అందరికీ అన్నీ అమర్చి, మిల్లుకు పోయి, వచ్చి మళ్లీ పొయ్యి దగ్గర నిలబడేదానికి, ఒక రాజు తన రాజ్యమంతా పక్కన పెట్టి కళ్లెర్రజేసి ఒక్క మనిషి వైపే చూస్తుంటే, ఆ చూపు తియ్యగానే ఉంటుంది. అక్కడ నీకు నచ్చింది కోపం కాదేమో. ఒకరు తనను అంతగా పట్టించుకోవడం. ఈ మాట మీ ఆయనకు ఎప్పుడైనా చెప్పు. సారు గదా, అర్థం చేసుకుంటాడు. ఆదివారం పూట రెండు గంటలు పాపను ఆయన చూసుకుంటే నువ్వు చదువుకోవచ్చు.

నువ్వు ఊరుకోనన్నావు, ఆ మాట చాలు. ఇది చదువుతున్న ఇంకెవరి ఇంట్లోనైనా తాళం నిజంగానే పడుతుంటే, అది కథ కాదు. 181కి ఫోన్ చెయ్యండి, మహిళల కోసమే ఉన్న నంబరది.

ఇక మీ అత్తమ్మ. ఆమెను తేలిగ్గా తీసెయ్యకు. చేతబడి, బాణామతి అన్న మాటలు మన ఊళ్లల్లో వట్టి మాటలు కావు. ఆ అనుమానంతో మనుషులను కొట్టిన ఊళ్లున్నాయి, చంపిన ఊళ్లున్నాయి. ఆమె చిన్నప్పుడు ఏం చూసిందో, ఎవరి ఇంటి ముందు నిమ్మకాయలు పడితే ఎవరిని చెట్టుకు కట్టేశారో మనకు తెలియదు. పుర్రె బొమ్మ చూసి ఆమె భయపడింది పాప కోసం. బియ్యం డబ్బా వెనక దాస్తే ఆ భయం ఇంకా పెరుగుతుంది. రేపు బియ్యం తీయబోయి ఆమె చేతికి అదే తగిలితే, దాచిపెట్టిన పుర్రె బొమ్మకు ఆమె ఏ అర్థం చెప్పుకుంటుందో ఆలోచించు. దాన్ని అక్కడి నుంచి ఇవాళే తియ్యి. పాత పేపరు అట్ట వేసి, పైన నీ పేరు రాసి, టీవీ పక్కన అందరికీ కనబడేచోట పెట్టు.

అంతకంటే మంచి పని, ఆమెకు కథ చెప్పు. చేతబడి పుస్తకం కాదత్తమ్మా అని వాదించొద్దు. రాత్రి అన్నాలయ్యాక, పాపను పడుకోబెట్టి, మీరిద్దరూ చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూచున్నప్పుడు, ఒక రాజుకు శాపం తగిలిందట అని మొదలుపెట్టు. పేర్లు చెప్పకు, రాజు, పిల్ల, మంత్రగత్తె, అంతే. పడకగది సంగతులు నువ్వెట్లాగూ చెప్పవు. చెబుతున్నకొద్దీ నీకే కథ కుదురుకుంటుంది. ఎవరెవరో మరిచిపోయానన్నావే, నోటితో చెబితే అవన్నీ వెనక్కి వస్తాయి. తాళం వేశాడన్న దగ్గర ఆపి, ఆమె ఏమంటుందో విను. మా అవ్వకు నేను ఇట్లాగే ఒక ఇంగ్లిష్ కథ చెప్పాను. మంచం మీద నుంచి లేచి కూచుని, "మరి ఆ పిల్ల అడగలేదా వాన్ని?" అన్నది. నలదమయంతి కథ నాకు మొదట చెప్పింది ఆమే.

నీ దోస్తు మాట మాత్రం వినకు. రెండోది వదిలేసి మూడోదానికి పోతే, నలుడు బాహుకుడెట్లా అయ్యాడో తెలియకుండా గుర్రాల కొట్టంలో అతన్ని చూసినట్టు ఉంటుంది. ఎవరీ కురూపి, ఎందుకేడుస్తున్నాడు అనుకుంటావు. మూడో పుస్తకంలో వాళ్లు కలిస్తే, ఆ కలయికకు బరువంతా ఇప్పుడు నిన్ను ఏడిపిస్తున్న ఈ పేజీల నుంచే వస్తుంది. రోజుకు పది పేజీలు చాలు. మొదటిదాన్ని నాలుగు రాత్రుల్లో తాగేశావు, ఇది అట్లా తాగేది కాదు.

దోస్తు దగ్గర ఆ పన్నెండో ఫారం దొరికితే 177 నుంచి మొదలుపెట్టు. తాళం దాకా వచ్చాక నాకు మళ్లీ ఒక ఉత్తరం రాయి. ఆ పిల్ల ఏమడిగిందో, దానికి అతనేమన్నాడో రాయి. మీ అత్తమ్మ ఏమన్నదో అది కూడా.

మీ అక్క